బెంచీ మీద అయ్యగారు

ఆ ఊళ్లో అయ్యగారంటే ఒక్కరే. ఆదివారం మందిరంలో ప్రసంగం చేసేదీ ఆయనే, సోమవారం నుంచి శుక్రవారం దాకా బడిలో పాఠాలు చెప్పేదీ ఆయనే, తెల్లవారుజామునా పొద్దుగూకే ముందూ రెండెకరాల్లో మట్టి పిసుక్కునేదీ ఆయనే. శనివారం విశ్రాంతి అంటారు. ఆ రోజు ప్రసంగం రాసుకుంటూ, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ, కూలిన కంచె నిలబెట్టుకుంటూ ఉంటారు కాబట్టి అది విశ్రాంతో కాదో అమ్మగారిని అడగాలి. అమ్మగారంటే ఆయన భార్య. ఈ విషయంలో ఆవిడ ఎప్పుడూ ఒకే మాట చెబుతుంది: "మా ఆయనకి మూడు పనులు. మూడింటికీ ఆలస్యమే."

బడీ మందిరమూ వేరువేరు కావు. ఒకటే రేకుల షెడ్డు. బెంచీలు తూర్పుకి తిప్పితే మందిరం, పడమటికి తిప్పితే బడి. పడమటి గోడకి నల్లబల్ల, తూర్పు గోడ దగ్గర ప్రసంగబల్ల. బెంచీలు మాత్రం పిల్లల కొలతకి చేయించినవి. అందుకని ఆ ఊరి పెద్దవాళ్లకి ప్రార్థన అంటే మోకాళ్లు గడ్డానికి తగలడమే. పద్దెనిమిదేళ్ల కిందట ఆ షెడ్డులో బడి తెరిచిన రోజున ఏడుగురు పిల్లలు. ఇప్పుడు ముప్ఫై ఒక్కమంది, అందులో పదిహేడుమంది ఆడపిల్లలు. ఆ పదిహేడు అనే మాట పలికేటప్పుడు అయ్యగారి గొంతు ప్రసంగంలోకంటే గట్టిగా ఉంటుంది.

ఆరేళ్ల కిందట ఆయనొక రూలు పెట్టారు. అప్పటిదాకా నాట్లప్పుడు సగం బడి, కోతలప్పుడు ముప్పావు బడి ఖాళీ అయ్యేది. బతిమాలారు, కోప్పడ్డారు, ప్రసంగాల్లో ఎత్తిపొడిచారు. ఎవరూ చెవిన వేసుకోలేదు. ఓ ఆదివారం ప్రసంగం ముగించి, పుస్తకం మూసి, కళ్లజోడు తీసి చెప్పారు.

"ఇకమీదట పొలం పనికో పశువుల పనికో పిల్లని బడి మాన్పించిన పెద్దమనిషి, మాన్పించిన ఒక్కో రోజుకి ఒక్కో రోజు వచ్చి ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చోవాలి. పొద్దుటి గంట నుంచి సాయంత్రం గంట దాకా. పాఠం వినాలి. అడిగితే జవాబు చెప్పాలి. చెయ్యెత్తకుండా నోరెత్తకూడదు."

ఊరు ఎందుకు ఒప్పుకుందంటే, భక్తి వల్ల కాదు. తాను కూర్చోవాల్సి వచ్చినా సరే, పక్కింటివాడు కూర్చుంటే కళ్లారా చూడాలన్న ఆశ మనిషిని దేనికైనా ఒప్పిస్తుంది. మిల్లు నడిపేవాడు రెండు రోజులు కూర్చున్నాడు. వడ్రంగి నాలుగు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు ఏడో ఎక్కం అప్పజెప్పమంటే, ఏడేళ్ల ముప్ఫై తొమ్మిదన్నాడు. ఎనిమిదేళ్ల కూతురు లేచి నిలబడి దిద్దింది. ఆ మంట వడ్రంగి కడుపులో ఇంకా చల్లారలేదు.

ఇక మేకలత్త. ఊరందరికీ ఆమె మేకలత్తే. భర్త పోయాడు, పదకొండు మేకలున్నాయి, ఇద్దరాడపిల్లలున్నారు. ఆమె కూలికి వెళ్లిన రోజున ఏదో ఒక పిల్ల మేకల వెంట వెళ్లక తప్పేది కాదు. అలా ఆరేళ్లలో నలభై ఒక్క రోజులు బెంచీ మీద కూర్చుంది. ఆమె కూర్చున్న రోజు మేకలు దొడ్లో ఎండుమేత నములుతూ అరుస్తుండేవి. మొదటి రోజు మేకలత్త పాఠం మొదలవగానే నిద్రపోయింది. అయిదో రోజు మెలకువగా ఉంది. పదో రోజు అయ్యగారితో వాదన పెట్టుకుంది. ఇరవయ్యో రోజుకి చదవడం వచ్చేసింది. అప్పట్నుంచి ఊళ్లోకి వచ్చే ప్రతి ఉత్తరమూ ఆమే చదివిపెడుతుంది. తనకి చదవమని ఇచ్చినవీ, ఇవ్వనివీ కూడా.

ఆ నెల్లో విద్యాశాఖ నుంచి అయ్యగారికి ఒక ఉత్తరం వచ్చింది. ఒకే మనిషి మూడు పనులు చేస్తూ బడి నడపడం తగదని, ఈ నెలలోనే ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్టరు వస్తాడని, ఆ సమయానికి తరగతి గదిలో అర్హత ఉన్న ఉపాధ్యాయుడు కనబడకపోతే ఈ బడిని పట్నం బడిలో కలిపేస్తారని అందులో ఉంది. పట్నం పది కిలోమీటర్లు. మధ్యలో వాగు. మగపిల్లలైతే ఎలాగో పడి వెళ్తారు. పదిహేడుమంది ఆడపిల్లల్లో వాగు దాటేది ఎందరో అయ్యగారికి లెక్క వేయకుండానే తెలుసు. ఒక్కరూ దాటరు. ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ఆ నెలంతా ఎక్కడికెళ్లినా బడి వైపే ఒక కన్ను వేసి ఉంచారు.

అలాంటి నెల్లో ఉల్లినారు వచ్చిపడింది.

గురువారం పొద్దున నారు కట్టలు గట్టు మీద ఉన్నాయి. కూలికి వస్తామన్న ఇద్దరూ రాలేదు. ఎండ చూస్తే అప్పుడే చుర్రుమంటోంది. సాయంత్రందాకా ఆగితే నారు వాడిపోతుంది, వాడితే ఏడాదికి ఉల్లిపాయ లేదు, అమ్ముకోవడానికీ లేదు.

"చిట్టిని ఉంచుకుంటాను, ఇద్దరం వేసేస్తాం" అంది అమ్మగారు. చిట్టి వాళ్ల పదేళ్ల కూతురు. "కానీ మీ రూలో?"

"సగం రోజే కదా" అన్నారు అయ్యగారు.

"సగం రోజైనా రోజేనని మిల్లాయనకి చెప్పింది మీరేగా."

అయ్యగారు ఆ మాట వినబడనట్టు గబగబా చేతులు కడుక్కుని బడికి వెళ్లిపోయారు. హాజరుపట్టీ తెరిచి పేర్లు పిలిచారు. కూతురి పేరు దగ్గర కలం కాసేపు ఆగింది. చివరికి 'రాలేదు' అనే వేశారు. వేసి, పట్టీ మూసి, తేలు కుట్టిన దొంగలా ఆ రోజంతా ఎవరి కళ్లలోకీ చూడలేదు.

చూడకపోతే మాత్రం ఏం లాభం? చిట్టి పక్కన కూర్చునేది వడ్రంగి కూతురు.

ఆదివారం వచ్చింది. ఉల్లిమళ్లకి నీళ్లు కట్టడంతో శనివారం కూడా పోయింది కాబట్టి కొత్త ప్రసంగం రాయడానికి తీరలేదు. పదిరోజుల ముందు రాసి పెట్టుకున్న కాగితమే తీసుకుని ప్రసంగబల్ల ఎక్కారు. తీరా విప్పి చూస్తే, పెట్టిన కట్టుబాటుకి పెట్టినవాడే ముందు తలవంచాలి అన్నది ఆ రోజు అంశం. అయ్యగారి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. గంటన్నర పట్టే ప్రసంగం ఆ రోజు పావుగంటలో అయిపోయింది. ఊరికి అనుమానం రావడానికి అదొక్కటే చాలు.

ప్రార్థన అయ్యాక ఎవరికైనా చెప్పుకోవాల్సిన మాటుంటే లేచి చెప్పడం అక్కడ అలవాటు. వడ్రంగి లేచాడు. లేచేటప్పుడు మోకాళ్లు టక్కున చప్పుడయ్యాయి.

"అయ్యగారూ, మీ చిట్టికి ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉందే."

"గురువారం బడికి రాలేదని మా పిల్ల చెబితేనూ, జ్వరమేమోనని మా ఇంట్లో ఒకటే కంగారు."

మూడో బెంచీలో అమ్మగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు గోడ వంక చూశారు, కాగితం వంక చూశారు. జ్వరం అనే రెండక్షరాలు నాలుక చివరిదాకా వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి.

"జ్వరం కాదు. ఉల్లినారు వేయడానికి మేమే ఆపాం" అన్నారు.

బెంచీల్లో ఒక్కసారిగా పుట్టిన ఆనందం చెప్పనలవి కాదు. మిల్లాయన పక్కవాడి తొడ మీద చరిచాడు.

"రూలు రూలే" అన్నారు అయ్యగారు, ఉన్న పరువు దక్కించుకుందామని. "నేనూ కూర్చుంటాను. కాకపోతే ఈ నెల వద్దు. ఇన్‌స్పెక్టరు ఎప్పుడొస్తాడో తెలీదు. వచ్చే నెల కూర్చుంటా."

"అలాగే కూర్చోండి" అన్నాడు వడ్రంగి. "మా ఇంటి కప్పు సగంలో ఉంది, మబ్బు పట్టింది, వచ్చే వారం కూర్చుంటానని నేను కాళ్లావేళ్లా పడ్డాను. అప్పుడు మీరేమన్నారో గుర్తుందా?"

అయ్యగారికి బాగా గుర్తుంది. కప్పు ఆగుతుంది, చదువు ఆగదు అన్నారు. ఆ వాన్లో వడ్రంగి మంచం తడిసింది.

"రేపే కూర్చుంటాను" అన్నారు. "కానీ నేను బెంచీ మీదుంటే పాఠం ఎవరు చెబుతారు?"

ఇది ఎవరూ ఆలోచించలేదు. అందరూ అమ్మగారి వైపు చూశారు. "నాకు ఎక్కాలు ఏడుతో సరి" అని ఆవిడ తల అడ్డంగా ఊపింది. మిల్లాయన తన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పుడు వెనక బెంచీలోంచి మేకలత్త అంది.

"నలభై ఒక్క రోజులు కూర్చున్నదాన్ని, ఒక్క రోజు నిలబడలేనా?"

సోమవారం పొద్దున బెంచీలు పడమటికి తిరిగాయి. మూడో బెంచీలో చిట్టి పక్కన అయ్యగారు కూర్చున్నారు. ఆరేళ్లుగా ఊరంతటినీ కూర్చోబెట్టిన ఆ బెంచీ మీద ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. పావుగంటకే నడుం పట్టేసింది. వడ్రంగి నాలుగు రోజులు దీని మీద ఎలా కూర్చున్నాడో అనిపించి కొంచెం సిగ్గేసింది.

మేకలత్త ఉతికిన చీర కట్టుకుని, భుజాన మేకల్ని కట్టే పలుపుతాడుతో వచ్చింది. హాజరు పిలిచింది. చిట్టి పేరు తర్వాత, "అయ్యగారు?" అని పిలిచి ఆగింది.

"ఉన్నానమ్మా."

"లేచి చెప్పాలి."

లేచి చెప్పారు. ముప్ఫై ఒక్కమందీ కిసుక్కున నవ్వారు.

పాఠం భిన్నాలు. మూడు వారాలుగా అయ్యగారు అవే చెబుతున్నారు. సగం బాగానే వచ్చింది, పావు ఫరవాలేదు. ఎనిమిదో వంతు దగ్గర మాత్రం బండి కూరుకుపోయింది. నాలుగుకంటే ఎనిమిది పెద్దది కదా, అలాంటప్పుడు నాలుగో వంతుకంటే ఎనిమిదో వంతు పెద్దదని పిల్లలంతా గట్టిగా నమ్మారు. ఆయన నల్లబల్ల నిండా గీతలు గీశారు, అడ్డంగా కోసిన గుండ్రాలు వేశారు. పిల్లలు ఆ బొమ్మలన్నీ శ్రద్ధగా దించుకుని, కింద జవాబు తప్పు రాశారు.

మేకలత్త సుద్దముక్క ముట్టుకోలేదు. పలుపుతాడు విప్పి ఇద్దరు పిల్లల చేతికిచ్చి సాగదీయించింది.

"ఇది మా నల్లమేకని కట్టే తాడు. ఇంత తాడుంటే సుబ్బరంగా మేస్తుంది. ఇప్పుడు మధ్యకి మడవండి. ఎంతయింది?"

"సగం!"

"అయ్యో, మేతా సగమే. మళ్లీ మడవండి."

"పావు!"

"ఒక తాడుని నాలుగు భాగాలు చేస్తే ఒక భాగం అన్నమాట. ఇంకోసారి మడవండి. ఎన్ని భాగాలయ్యాయి?"

"ఎనిమిది!"

"ఇందులో ఒక్క భాగంతో మేకని కట్టేస్తే?"

తాడు పట్టుకున్న వడ్రంగి కూతురు తన చేతిలోని జానెడు ముక్క వంక చూసింది. మొహం మీద ఏదో వెలిగింది. "తల కూడా తిప్పుకోలేదు, అత్తా! ఎక్కువ భాగాలు చేసేకొద్దీ ముక్క చిన్నదైపోతోంది!"

"మరి పావుతో కట్టిన మేకకి ఎక్కువ మేత దొరుకుతుందా, ఎనిమిదో వంతుతో కట్టినదానికా?"

"పావు! పావు!" షెడ్డు రేకులు అదిరాయి.

అయ్యగారికి సంతోషం తన్నుకొచ్చింది. దాని వెనకే, అంత బలంగా, అసూయ కూడా వచ్చింది. మూడు వారాలు తను గొంతు చించుకున్నది ఈమె ఒక తాడు ముక్కతో పావుగంటలో చెప్పేసింది. ఉండబట్టలేక, "అందులో పైనున్న అంకెని లవం అంటారు, కిందున్న..." అని అందుకున్నారు.

"చెయ్యెత్తారా?" అంది మేకలత్త.

"లేదు."

"అయితే కూర్చోండి."

చిట్టి ఆయన చెయ్యి పట్టి కిందికి లాగింది.

అప్పుడే గుమ్మంలో ఒక మనిషి కనిపించాడు. సన్నగా, చంకలో ఫైలుతో, మోకాళ్లదాకా వాగు బురదతో ఉన్నాడు. "పాఠం ఆపకండి. ఇన్‌స్పెక్టరుని" అన్నాడు. అయ్యగారి గుండె జారి కాళ్ల దగ్గర పడింది. ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూసి, పెద్దమనిషి ఉన్నాడు కదా అని మూడో బెంచీకి వచ్చి సరిగ్గా ఆయన పక్కనే కూర్చున్నాడు.

మేకలత్త ఒక్క క్షణం బిగుసుకుపోయింది. అయ్యగారికి వచ్చిన ఉత్తరం ఆమె ఎప్పుడో చదివేసింది మరి. కానీ ఆపలేదు. అదే తాడుని ఈసారి మూడుగా మడవమంది.

ఇన్‌స్పెక్టరు గుసగుసగా అడిగాడు. "మీరెవరండీ?"

"శిక్షలో ఉన్నానండీ" అన్నారు అయ్యగారు. నిజమే కదా.

"శిక్షా? ఏం చేశారు?"

"ఉల్లినారు వేయడానికి కూతుర్ని బడి మాన్పించాను. ఇక్కడ అలా చేసినవాళ్లు వచ్చి బెంచీ మీద కూర్చోవాలి."

"ఎవరు పెట్టారీ రూలు?"

"ఇక్కడి పంతులండీ."

"గట్టి మనిషే."

"మొండివాడండీ" అన్నారు అయ్యగారు మనస్ఫూర్తిగా.

ఇన్‌స్పెక్టరు మేకలత్త వంక మెచ్చుకోలుగా చూశాడు. "చూస్తే అలా లేరు. ఎంత బాగా చెబుతున్నారు! ఈ బడి గురించి మా ఆఫీసులో ఏవేవో రాసుకున్నారు."

అయ్యగారికి అప్పుడర్థమైంది. ఈయన ఆమెనే పంతులమ్మ అనుకుంటున్నాడు. తను అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఆడకుండానే అబద్ధం ఇల్లు కట్టేసుకుంటోంది. చెప్పేద్దామని చెయ్యెత్తారు.

మేకలత్త చూడలేదు. ఇంకా పైకెత్తారు. మేకలత్త ఎడమవైపు బెంచీల్లో అందర్నీ అడిగింది, కుడివైపు బెంచీల్లో అందర్నీ అడిగింది, కిటికీలోంచి బయటికి కూడా చూసింది. మూడో బెంచీ అనేది ఈ భూమ్మీదే లేనట్టు ప్రవర్తించింది. చెయ్యి లాగేస్తుంటే అయ్యగారు రెండో చెయ్యెత్తారు.

"పాపం, ఏదో అడగాలనుకుంటున్నట్టున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆయనకి తొందరెక్కువండీ, వంతు వచ్చేదాకా ఆగాలి" అంది మేకలత్త.

ఇన్‌స్పెక్టరు లేచి పిల్లల్ని పరీక్షించాడు. మూడో వంతు పెద్దదా, ఐదో వంతు పెద్దదా అంటే పిల్లలంతా ఒకే గొంతుతో అరిచారు. పదిలో పదో వంతు ఎంతంటే చిట్టి చెప్పింది. అతను తృప్తిగా తలాడిస్తూ ఫైలు తెరిచి రాయడం మొదలుపెట్టాడు. ఈలోగా అయ్యగారిని బెంచీ మీద చూడాలని పనులు మానుకుని వచ్చిన జనం కిటికీల దగ్గర మూగారు. విషయం వాళ్లకీ తెలిసిపోయింది. ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు. వడ్రంగి అయితే రెండు చేతులూ జోడించి, మాట్లాడొద్దని అయ్యగారికి సైగ చేస్తున్నాడు.

ఊరుకుంటే సరిపోతుంది. ఆయన రాసుకుంటాడు, వెళ్లిపోతాడు, బడి ఉంటుంది. పదిహేడుమంది ఉంటారు. నోరు విప్పితే, చదువుకోని మనిషి పాఠం చెబుతుంటే పట్టుబడ్డారని రాస్తాడు. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థించుకున్నారో, పదిహేడు లెక్కపెట్టుకున్నారో ఆయనకే తెలియాలి.

"టీచరుగారూ, మీ సర్టిఫికెట్టు చూపిస్తే నంబరు వేసుకుంటాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మేకలత్త నోరు తెరిచింది. ఆమె ఏం చెబుతుందో కానీ, తన బడి కోసం ఆమె అబద్ధమాడటం చూస్తూ కూర్చోలేననిపించింది అయ్యగారికి. ఈసారి చెయ్యెత్తలేదు. లేచి నిలబడ్డారు.

"సర్టిఫికెట్టు నా దగ్గరుందండీ. పంతుల్ని నేనే."

కిటికీల దగ్గర "హయ్యో" అని ఒకటే మూలుగు. ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది.

"మరి ఈవిడ?"

"మేకలు కాస్తుంది. ఈ బెంచీ మీద నలభై ఒక్క రోజులు కూర్చుంది. అంతకుమించి చదువు లేదు."

"నలభై ఒక్క రోజుల్లో మీరు ఇంత నేర్పారా?"

ఒక్క క్షణం అయ్యగారి ఛాతీ పొంగింది. తర్వాత ఆయనే దాన్ని దించుకున్నారు. "నేను నేర్పలేదండీ. మూడు వారాలు చెప్పినా వీళ్లకి ఎనిమిదో వంతు రాలేదు. ఇవాళ ఆమె చెబితే వచ్చింది."

ఇన్‌స్పెక్టరు ఫైల్లోంచి విద్యాశాఖ ఉత్తరం నకలు తీసి చదువుకున్నాడు. "తరగతి గదిలో అర్హత ఉన్న ఉపాధ్యాయుడు కనబడాలి అని ఉంది. కనబడ్డారు. నిలబడి కనబడాలా, కూర్చునా అన్నది ఇందులో లేదు" అన్నాడు. కిటికీల దగ్గర ఈలలు. అతను వేలు చూపించి ఆపాడు. "కానీ మూడు పనుల సంగతి అలాగే ఉంది. ఈ ఏడాదికి నేను సర్దేసినా వచ్చే ఏడాది ఇంకొకడొస్తాడు. మీరు ఏదో ఒకటి వదులుకోండి."

"ప్రసంగాలు వదిలేయమనండి సార్!" కిటికీలోంచి మిల్లాయన అరిచాడు.

"ఉల్లిపాయలు వదిలేయమనండి, ఆయన పంట ఎప్పుడు చేతికొచ్చింది కనక!" అన్నాడు ఇంకొకడు.

ఇంకా చాలా సలహాలు వచ్చాయి. అయ్యగారు తల వంచుకుని వింటున్నారు. ఆరేళ్లు వీళ్లందరినీ బెంచీ ఎక్కించిన బడి అది, ఎవరో ఒకరు దాని పేరు ఎత్తకపోరని ఎదురుచూస్తున్నారు. సలహాలన్నీ అయిపోయాయి. బడి వదిలేయమని ఒక్కరూ అనలేదు. వడ్రంగి కూడా అనలేదు. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పోనీ, ఇంకో దారి ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఈవిడని సహాయ ఉపాధ్యాయినిగా రాస్తాను. రెండేళ్లలో పరీక్ష రాసి పాసవ్వాలి. పొద్దుటి పూట ఈవిడ, మధ్యాహ్నం మీరు. ఇద్దరున్నారంటే ఆఫీసులో ఎవరూ అడగరు. ఏమ్మా?"

మేకలత్త పకపకా నవ్వింది. "నేను బళ్లో ఉంటే మేకల వెంట ఎవరెళ్తారు? నా పిల్ల. పిల్ల బడి మానితే నేను బెంచీ మీద కూర్చోవాలి. బెంచీ మీద కూర్చుంటే పాఠం ఎవరు చెబుతారు? మీరే చెప్పండి సార్, ఈయన రూలు ఎటునుంచి చూసినా నా మెడకే చుట్టుకుంటుంది."

ఇన్‌స్పెక్టరు తల గోక్కున్నాడు. కిటికీల్లో తలకాయలు ఒక్కొక్కటీ పక్కకి తప్పుకున్నాయి, ఎక్కడ తమని కాయమంటారోనని. మేకలత్త తాడు చుట్టడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఉంది కానీ, చుట్టే చేతుల్లో నవ్వు లేదు. అయ్యగారు అది చూశారు. ఈ ఉద్యోగం ఆమెకి కావాలి, ఎంత కావాలో పైకి చెప్పుకోలేకపోతోంది.

పొద్దుటి పూటంటే ఆయనకి ప్రాణం. పిల్లల తలలు తడిగా, కళ్లు తేటగా ఉండే వేళ అది. లెక్కలు చెప్పే వేళ. పద్దెనిమిదేళ్లుగా తన రోజులో ఎవరికీ ఇవ్వని ముక్క అదొక్కటే.

"పొద్దుటి పూట మేకల్ని నేను కాస్తాను" అన్నారు.

"మీరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మూడు పనులు తగ్గించుకోమంటే నాలుగు చేసుకుంటారేమిటండీ?"

"ఆఫీసులో నాలుగోది రాయకండి" అన్నారు అయ్యగారు.

మర్నాటి నుంచే మొదలైంది. మేకల్ని తోలుకుంటూ బడి కిటికీ పక్కనుంచి వెళ్తూ, లోపల ఎక్కం వినబడితే అయ్యగారి కాళ్లు ఆగిపోయాయి. ఆయన ఆగితే మేకలు ఆగుతాయా? నల్లమేక మిల్లాయన దొడ్లోకి దూరింది. దాన్ని పట్టుకోవడానికి పొలాలకడ్డంపడి పరిగెత్తి, ముళ్లకంపలో చొక్కా చింపుకుని, ఊరంతటికీ వారానికి సరిపడా వినోదం పంచారు. ఆ పరుగులోనూ ఆయన మనసు షెడ్డులోనే ఉంది. ఈపాటికి తను లేని లోటు పిల్లలకి తెలుస్తూనే ఉంటుందని, ఎవరో ఒకరు అడిగే ఉంటారని అనుకున్నారు.

మధ్యాహ్నం గంట కొట్టారు. షెడ్డు వెనక మేకలత్త ఎదురొచ్చింది. చేతులకి, చీరకి, నుదుటికి సుద్ద. ఆయన తాడు ఇచ్చారు, ఆమె మిగిలిన సుద్దముక్క ఇచ్చింది. ఆమె ముందు మేకల్ని లెక్కపెట్టుకుంది. పదకొండూ ఉన్నాయి.

"బడి ఎలా జరిగింది?" అని అడిగారు అయ్యగారు, ఏదో మాటవరసకి అన్నట్టు.

"బాగా జరిగింది. మీరు రాలేదని ఒక పిల్ల ఏడ్చింది."

అయ్యగారి మొహం వెలిగిపోయింది. "ఏ పిల్ల?"

మేకలత్త ఆయన చిరిగిన చొక్కా వంక చూసింది. "అబద్ధం చెప్పానయ్యగారూ. ఎవరూ ఏడవలేదు. మీకు బావుంటుందని అన్నాను."

"కనీసం అడగలేదా?"

"లేదండీ. లెక్కల్లో పడిపోయారు."

అయ్యగారు నవ్వారు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. తను లేకపోయినా నడిచే బడి కావాలనే పద్దెనిమిదేళ్లుగా ఆయన కోరుకున్నది. ఇవాళ అది నడిచింది. దానికి గుండె ఎందుకు కలుక్కుమనాలో ఆయనకి తెలియలేదు, కానీ కలుక్కుమంది. సంతోషమూ ఉంది, నొప్పీ ఉంది. ఏది ఎక్కువో తూచడానికి ప్రయత్నించి మానేశారు.

"రేపు ఆ నల్లదాన్ని తాడుతో పట్టుకెళ్లండి" అంది మేకలత్త. "వదిలేస్తే మీ మాట వినదు."

"సరే, టీచరుగారూ" అన్నారు అయ్యగారు.

ఆ మాటలో ఎక్కడైనా ఎగతాళి ఉందేమోనని మేకలత్త ఆయన మొహంలోకి వెతికి చూసింది. లేదు.